అటక మీది గిటారుకు విలువ కట్టే ముందు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లె. పాత పెంకుటిల్లు విప్పిస్తుంటే అటక మీద గోనెపట్టాలో చుట్టిన గిటారు దొరికింది. మా తాతగారిది. ఆయన బడిపంతులు. కాకినాడ రేవులో ఓడ మీద పనిచేసే స్నేహితుడి దగ్గర కొన్నారని నాన్న చెబుతారు. ఆ గిటారుతో తాతగారు దిగిన ఫోటో ఒకటి ఉంది. దాని వెనక స్టూడియో ముద్ర, 1961 అనే సంవత్సరం ఉన్నాయి. గిటారుకు మధ్యలో గుండ్రని రంధ్రం లేదు. వయొలిన్‌కు ఉన్నట్టు రెండు పక్కలా ఎఫ్ ఆకారపు రంధ్రాలు ఉన్నాయి, పైపలక ఉబ్బెత్తుగా ఉంది. తల మీద పేరు లేదు, రెండు చిన్న మేకు రంధ్రాలు మాత్రం కనిపిస్తున్నాయి. లోపల 1847 అని అంకె ముద్రించి ఉంది. అది తయారైన సంవత్సరమేనా? పాత వస్తువుల వ్యాపారి ఒకాయన 12 వేలు ఇస్తానన్నారు. హైదరాబాదులో ఉన్న మా బావ ఇంటర్నెట్‌లో చూసి, ఇది గిబ్సన్ అనీ ఎనిమిది లక్షలకు తగ్గవద్దనీ అంటున్నాడు. మా ఊరి వడ్రంగి పాలిష్ పెట్టి కొత్తదానిలా చేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు? ఆరు ఫోటోలు పంపుతున్నాను.

సమాధానం: ముందుగా ఆ వడ్రంగిగారికి కబురు చేసి రావద్దని చెప్పండి. మిగతా ఉత్తరం ఆ తర్వాత చదవవచ్చు. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. పాత మంచానికో బీరువాకో పాలిష్ పెడితే విలువ పెరుగుతుంది. పాత వాయిద్యానికి పెడితే ఉన్న విలువ పోతుంది. గరుకు కాగితం పెట్టి రుద్దగానే పలుచని పాత పూతతో పాటు పైపలక మందం కూడా కొంత పోతుంది, మోత మారిపోతుంది. కొనేవాళ్లు చూసేది ఆ పాత పూతనే. అంచుల్లో ముదురుగా, నడుమ తేనెరంగుగా వేసిన ఆ ఛాయ, దాని మీద సన్నని పగుళ్ల వల, చెయ్యి ఆనిన చోట అరిగిన మచ్చ, ఇవన్నీ దాని వయసుకు సాక్ష్యాలు. మంచి అమెరికన్ గిటారుకైనా పూత మార్చారని తెలిస్తే సగం ధర పోయినట్టే.

ఇరవై ఏళ్ల కిందట కాకినాడలో ఒక పెద్దాయన తన గిటారు చూడమని పిలిచారు. 1930ల నాటి అమెరికా గిటారు, మంచి ఇంటి బిడ్డ. తండ్రి పుట్టినరోజుకు కొడుకు ప్రేమతో దాన్ని గీకించి, తళతళలాడే వార్నిష్ పూయించాడు. లోపల అంటించి ఉన్న కాగితపు చీటీని కూడా చెత్త అనుకుని తీసేశారు. అది ఎవరి చేతి పనో నాకు చూడగానే తెలిసింది, కాని కొనేవాడి ముందు పెట్టడానికి రుజువు ఏమీ మిగల్లేదు. ఆ రోజు ఆ తండ్రీకొడుకుల ముఖాలు నేను మరిచిపోలేదు. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఈ మాట మొదట రాశాను.

మీ దగ్గర ఉన్నదాన్ని ఆర్చ్‌టాప్ గిటారు అంటారు. వయొలిన్ కట్టుబడిని గిటారుకు తెచ్చిన వాయిద్యం ఇది. మామూలు గిటారులో తీగలు పైపలకకు అతికించిన పట్టీ దగ్గరే ఆగిపోతాయి. ఇందులో గుర్రం, అంటే తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్క, దాని మీదుగా దాటి, అడుగు అంచున బిగించిన లోహపు పట్టీకి తగులుకుంటాయి. వీణ చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు: ముందు గుర్రం, వెనక నాగపాశం. అయితే గిటారు గుర్రాన్ని జిగురుతో అతికించరు, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. తీగలన్నీ ఒక్కసారి విప్పితే అది ఊడి చేతికి వస్తుంది. విరిగిందని కంగారుపడి అంటించకండి.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊరిలో ఆర్విల్ గిబ్సన్ అనే పనివాడు 1890లలో ఈ దారి తొక్కాడు. మందపాటి చెక్కను ఉలితో చెక్కి ఉబ్బెత్తు పలకగా మలిచి మాండొలిన్లు, గిటార్లు చేశాడు. ఆయన పేరుతో కంపెనీ 1902లో వచ్చింది. 1922లో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో ఆ కంపెనీ తెచ్చిన ఎల్-5 నమూనాతో గిటారుకు ఎఫ్ రంధ్రాలు వచ్చాయి. డ్యాన్సు బ్యాండులో బాకాలు, డప్పుల మధ్య గిటారు వినిపించాలంటే అప్పట్లో విద్యుత్తు సాయం లేదు. పదునుగా, దూరానికి తగిలేలా మోగే పెట్టె కావాలి. ఆ అవసరం కోసం పుట్టిన రూపమే మీ అటక మీద ఇన్నాళ్లూ పడుకుంది.

ఇక 1847 సంగతి. ఆ ఏడు మన ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టిన సంవత్సరం. ఆనాటికి ఇలాంటి గిటారు భూమ్మీద ఎక్కడా లేదు. వాయిద్యాల లోపల ఉండే అంకె సాధారణంగా నమూనా సంఖ్యో, వరుస సంఖ్యో, కార్ఖానాలో ఒక విడతకు ఇచ్చిన గుర్తో అయి ఉంటుంది. నాలుగు అంకెలు కనబడగానే సంవత్సరం అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కంపెనీ పుట్టిన ఏడాదిని చీటీ మీద అచ్చువేస్తే, దాన్ని గిటారు పుట్టిన ఏడాదిగా చదివేవాళ్లూ ఉన్నారు. మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో వయొలిన్ లోపల స్ట్రాడివారి అనే ఇటలీ వయొలిన్ పనివాడి పేరు, పదిహేడువందల ఎన్నో సంవత్సరం అచ్చువేసిన చీటీలు ఉన్నాయి. అవి ఆ మహానుభావుడి చేతి పనులు కావు. ఆయన నమూనాను అనుసరించి చేశామని చెప్పడానికి జర్మన్, బొహీమియా (నేటి చెక్ దేశపు ప్రాంతం) కార్ఖానాలు వేల వయొలిన్లలో ఆ చీటీలు అంటించాయి. ఈ మాట పక్కదారి అనుకోకండి. మీ గిటారు కూడా ఆ ఊళ్ల నుంచే వచ్చిందని నా అనుమానం.

మీ బావగారి మాట దగ్గరికి వస్తాను. ఇది గిబ్సన్ కాదు. ఆయన ఊరికే అన్నారని కాదు, దూరం నుంచి చూస్తే పోలిక నిజంగానే ఉంది. కాని మీరు పంపిన ఫోటోలలో నాలుగు గుర్తులు వేరే ఇంటివి.

తల దగ్గర, తీగలు ఆనే ఎముక పట్టీకి ఆనుకుని వెంటనే ఇంకో లోహపు మెట్టు ఉంది చూడండి. దాన్ని సున్నా మెట్టు అంటారు. అమెరికా వాళ్లు కొందరు వాడారు, కాని జర్మన్ పనివాళ్లకు అది దాదాపు అలవాటు. రెండోది, మెడ మీద తెల్ల చుక్కలు. ఎముక పట్టీ వైపు నుంచి, సున్నా మెట్టును వదిలి లెక్కపెడితే మీ గిటారుకు చుక్క పదో మెట్టు దగ్గర ఉంది. అమెరికన్ గిటార్లలో ఎక్కువగా తొమ్మిదో మెట్టుకు పెడతారు, పదికి పెట్టడం యూరప్ పద్ధతి. మూడోది, మెడ వెనక సన్నని చారలు. రెండు మూడు రకాల కలప పట్టీలు కలిపి అతికించిన మెడ అది. గిబ్సన్ వాళ్లూ ఖరీదైన నమూనాలకు పట్టీల మెడ చేశారు కాబట్టి ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పను. నాలుగోది ఆ రెండు మేకు రంధ్రాలు. గిబ్సన్ తన పేరును తలలో ముత్యపు చిప్పతో పొదిగేది, లేదా రంగుతో ముద్రించేది. పేరు పలకను మేకులతో కొట్టడం ఆ ఇంటి పద్ధతి కాదు. మీ గిటారుకు ఏదో లోహపు పలకో ప్లాస్టిక్ పలకో ఉండేది, ఊడిపోయింది. తాతగారి పెట్టెలో, బిరడాల డబ్బాలో, కుట్టుమిషను సొరుగులో వెతికించండి. అంగుళం పలక దొరికితే సగం కథ తేలిపోతుంది.

ఇలాంటి గిటారే ఇంట్లో ఉన్న ఇతర పాఠకుల కోసం గిబ్సన్ గుర్తులు రెండు మాటల్లో చెబుతాను. 1920ల నుంచి వాళ్ల గిటార్ల తల మీద, తీగలు ఆనే ఎముక పట్టీకి పైన, గంట ఆకారపు చిన్న మూత రెండు మరలతో బిగించి ఉంటుంది. దాని కింద మెడను సరిచేసే ఉక్కు కడ్డీ మర ఉంటుంది. ఆ కడ్డీకి పేటెంటు 1923లో వచ్చింది. ఎఫ్ రంధ్రంలోంచి చూస్తే వెనుక పలక మీద కోడిగుడ్డు ఆకారపు కాగితపు చీటీ కనిపిస్తుంది. 1955 ప్రాంతం వరకు తెల్లది, తర్వాత నారింజ రంగుది. 1947 నుంచి 1961 వరకు వరుస సంఖ్య ‘ఏ’ అక్షరంతో మొదలవుతుంది. పేరు కూడా కాలంతో మారింది: తొలినాళ్లలో వాలు చేతిరాతలో ‘ది గిబ్సన్’ అని ఉండేది, 1930ల నడుమ ‘ది’ పోయింది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నిటారు అక్షరాలు వచ్చాయి. చీటీ ఒక కాలం, పేరు ఒక కాలం చెబితే ఎక్కడో అతుకు ఉందని అర్థం. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. మన దేశంలో కలకత్తాలో తయారైన గివ్‌సన్ గిటార్లు చాలా ఇళ్లలో ఉన్నాయి. పేరులో ఒక్క అక్షరమే తేడా. వేలమందికి పాట నేర్పిన వాయిద్యాలు అవి, వాటిని నేను తక్కువ చేసి మాట్లాడను. కాని అవి గిబ్సన్‌లు కావు.

మరి మీది ఎక్కడిది? నా అంచనా జర్మనీ, లేదా చెక్ సరిహద్దు. ఆ సరిహద్దులో షోన్‌బాక్ అనే చిన్న ఊరు ఉండేది. నేటి పేరు లూబీ. తరతరాలుగా వయొలిన్లు, గిటార్లు చేసే ఊరు. మన బొబ్బిలిలో వీణలు చేసే గొల్లపల్లి ఎలాగో, వాళ్లకు అది అలాగ. కార్ల్ హాఫ్నర్ 1887లో పని మొదలుపెట్టింది అక్కడే. రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే ఆ ఊరి జర్మన్ కుటుంబాలను వెళ్లగొట్టారు. పనిముట్లు వదిలి, చేతిలో విద్యతో బయటపడిన ఆ మనుషులు పశ్చిమ జర్మనీలో ఎర్లాంగెన్ దగ్గర బూబెన్‌రాయిత్ అనే పల్లెలో మళ్లీ కొలువు తీరారు. హాఫ్నర్ అక్కడ నిలదొక్కుకుంది. ఫ్రామస్ అనే మరో సంస్థ 1946లో ఆ ప్రాంతంలోనే పుట్టింది. 1950లలో వీళ్లు చేసిన ఆర్చ్‌టాప్‌లు ఓడల్లో ఎన్నో దేశాలకు వెళ్లాయి. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గులో కొన్న వయొలిన్ ఆకారపు బాస్ గిటారు కూడా ఈ హాఫ్నర్ వారిదే. సరిగ్గా అదే ఏడు మీ తాతగారు కొత్త చొక్కా తొడుక్కుని, ఒక చెయ్యి మెడ మీద, ఒక చెయ్యి తీగల మీద పెట్టి ఫోటో దిగారు.

ఆ ఫోటో చాలా విలువైన కాగితం. గిటారు 1961 తర్వాత తయారైంది కాదని అదొక్కటే తేల్చేసింది. భూతద్దంతో దాన్ని మళ్లీ చూడండి: తల మీద పలక ఉందా, దాని ఆకారం ఏమిటి, గుర్రం ఇప్పుడున్నదేనా, బిరడాలు ఇవేనా? నాన్నగారిని కూర్చోబెట్టి కాకినాడ కథ మొత్తం ఒక కాగితం మీద రాయించి, తేదీ వేయించి సంతకం పెట్టించండి. ఆ రోజుల్లో పెద్ద ఓడలు కాకినాడ ఒడ్డుకు రాలేక సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకు బార్జీల మీద వచ్చేది. విదేశీ నావికులు వస్తువులు అమ్ముకోవడం రేవు ఊళ్లలో కొత్త కాదు. కాబట్టి కథ నమ్మదగినదే. పెద్దల జ్ఞాపకం వాళ్లతో పాటు వెళ్లిపోకముందే కాగితం ఎక్కాలి.

ఇక్కడి నుంచి పని మీది. నేను ఫోటోలో చూడలేనిది ఒకటి ఉంది, ధర అంతా దాని మీదే ఆధారపడి ఉంది. పైపలక చెక్కినదా, వంచినదా, పొరలదా? ఏకాండి వీణకూ అతుకుల వీణకూ తేడా మనకు తెలుసు. ఒకే పనస దుంగలోంచి తొలిచిన వీణకు ఎక్కువ ఎందుకు ఇస్తారో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడా అంతే. మేలురకం ఆర్చ్‌టాప్‌కు పైపలకను స్ప్రూస్ అనే చల్లని దేశాల చెట్టు కలపలోంచి, మన హిమాలయాల దేవదారుకు బంధువు అది, ఉలితో చెక్కుతారు. మధ్యరకానికి పలుచని ఘన చెక్కను వేడితో నొక్కి వంచుతారు. చవక రకానికి పొరలు అతికించిన చెక్కను అచ్చులో పెట్టి ఒత్తుతారు.

పగటి వెలుగులో కిటికీ దగ్గర కూర్చుని ఎఫ్ రంధ్రం అంచును చూడండి. కోసిన చోట చెక్క మందం కనిపిస్తుంది. పైన కనిపించే సన్నని నిలువు గీతలు అంచులోకి కూడా అలాగే దిగితే ఘన చెక్క. అంచులో అడ్డంగా రెండు మూడు పొరలు, మధ్య పొర రంగు వేరుగా కనిపిస్తే పొరల చెక్క. రంగు పూసి అంచు కప్పేస్తే కొంచెం కష్టం. అప్పుడు సెల్‌ఫోను టార్చి లోపలికి వేసి, పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దంతో పైపలక లోపలి ముఖాన్ని చూడండి. పైన ఉన్న గీతల వరుసే లోపలా అదే చోట ఉందా అని పోల్చండి. ఘన చెక్క అని తేలితే, రంధ్రంలోంచి రెండు వేళ్లతో మందం తడిమి చూడండి. పలక మధ్య వైపు మందంగా, అంచు వైపు పలుచగా మారుతుంటే చెక్కినది. అంతటా ఒకే మందంగా ఉంటే వంచినది. అద్దం లోపల ఉండగానే మెడ మొదలు దగ్గరి దిమ్మను, వెనుక పలకను ఫోటో తీయండి. పెన్సిలు రాత ఉన్నా వదలకండి. పనివాళ్లు తమ గుర్తు అక్కడే పెడతారు.

తర్వాత మెడ. గోదావరి డెల్టా గాలిలో అరవై ఏళ్లున్న గిటారుకు మొదట జబ్బు చేసేది అక్కడే. ఆ కాలపు గిటార్ల అతుకులు చాలావరకు పశువుల చర్మంతో కాచిన జిగురుతో వేసినవి. మన పాత వడ్రంగులు దాన్ని వజ్రం అంటారు. వేడికీ తేమకూ అది మెత్తబడుతుంది. తీగల లాగుడుకు మెడ అంగుళంలో ఏ పదోవంతో ముందుకు వాలుతుంది. అదే జిగురు మంచితనం ఏమిటంటే, తెలిసిన పనివాడు ఆవిరి పట్టి అతుకు విప్పి మళ్లీ సరిగా కూర్చోబెట్టగలడు. ఎవరైనా తెల్ల జిగురో, రెండు గొట్టాల్లో వచ్చే గట్టి జిగురో పోసి ఉంటే ఆ పని చాలా కష్టమవుతుంది. మీ గిటారు గుర్రానికి రెండు పక్కల ఇత్తడి చక్రాలు ఉన్నాయి, ఎత్తు తగ్గించడానికి. అవి పూర్తిగా కిందికి దిగి ఉన్నా పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య నాలుగు మిల్లీమీటర్లకు మించి సందు ఉంటే మెడ వాలినట్టే. అడుగు చివర నుంచి ఒక కన్ను మూసి మెడ పొడవునా చూడండి. విల్లులా వంగితే సరిచేయవచ్చు. మెలి తిరిగితే మాత్రం ఖర్చు చాలా ఎక్కువ.

ఇప్పుడున్న తుప్పు తీగలను బిగించి మోగించే ప్రయత్నం చేయవద్దు. అన్నిటినీ కొద్దికొద్దిగా సమానంగా వదులు చేసి, గుర్రం కదలకుండా నిలబడేంత మాత్రం ఉంచండి. గుర్రం ఎప్పుడైనా జరిగితే దారంతో కొలవండి: తల దగ్గరి సున్నా మెట్టు నుంచి పన్నెండో మెట్టుకు ఎంత దూరమో, అక్కడి నుంచి గుర్రానికి అంతే దూరం, బియ్యపుగింజలో సగమంత ఎక్కువ. శ్రుతి నిలిచే చోటు అదే.

పురుగు సంగతి కూడా చూడాలి. అటక మీద గోనెలో ఉన్న చెక్క కదా. గిటారును నల్ల గుడ్డ మీద పడుకోబెట్టి వారం వదిలేయండి. గుండుసూది తలంత రంధ్రాల కింద లేత రంగు పొడి కొత్తగా రాలి ఉంటే పురుగు బతికే ఉంది. పొడి లేకపోతే అవి పాత గాయాలు. బతికి ఉంటే కిరోసిన్ పోయడం, మందు పిచికారీ చేయడం వద్దు, పూత పోతుంది. నాకు రాయండి, ఏం చేయాలో చెబుతాను.

ఇంకొకటి, ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. అంచుల చుట్టూ ఉన్న తెల్ల పట్టీని, తీగల పక్కన ఉన్న తాబేటి చిప్ప రంగు పలకను వేలితో పది సార్లు గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. ఆ రోజుల్లో దాన్ని మెత్తబరచడానికి కర్పూరమే కలిపేవారు. ఆ పదార్థం వయసు మీద పడ్డాక కుళ్లడం మొదలుపెడుతుంది. ముడుచుకుని పొడిపొడిగా అయి, దాని నుంచి వచ్చే ఆవిరి పక్కనున్న లోహాన్నీ పూతనూ తినేస్తుంది. మీ మూడో ఫోటోలో ఆ పలక పక్కన లోహపు పట్టీ మీద పచ్చని చిలుము ఒక్కచోటే ఎక్కువగా ఉంది. పలక అంచులు పెళుసుగా ఉంటే మెల్లగా మర తీసి, కాగితంలో చుట్టి వేరే పెట్టెలో ఉంచండి. పారేయకండి, నిప్పు దగ్గర పెట్టకండి. భగ్గుమంటుంది.

ఇప్పుడు డబ్బు మాట. మీ బావగారు చూసింది అడిగే ధర. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. ఈబేలోనూ, రివర్బ్ అనే వాయిద్యాల అంగడిలోనూ అమ్ముడుపోయిన వాటిని మాత్రమే చూపించే వీలు ఉంది. ఆ వరుసలో చూడమని చెప్పండి. లాయిడ్ లోర్ సంతకం ఉన్న 1920ల ఎల్-5 అయితే లక్షలే, అందులో సందేహం లేదు. 1934లో వచ్చిన, 400 డాలర్ల ధరే పేరైన సూపర్ 400 కూడా అంతే. కాని అమెరికాలోనే హార్మొనీ, కే వంటి కంపెనీలు లక్షల సంఖ్యలో చేసిన ఆర్చ్‌టాప్‌లు ఇవాళ కొన్ని వందల డాలర్లకు దొరుకుతాయి. పాతది అయినంత మాత్రాన అపురూపం కాదు.

మీ దానికి నా అంచనా ఇది. పొరల చెక్క, పేరు లేదు, మెడ నిటారుగా ఉంది అనుకుంటే యూరప్‌లో అలాంటివి 200 నుంచి 400 యూరోలకు మారుతున్నాయి. యూరోకు వంద రూపాయలు అనుకుంటే 20 నుంచి 40 వేలు. చెక్కిన ఘన పైపలక అని తేలితే దానికి రెట్టింపు, పేరు పలక దొరికి అది మంచి నమూనా అయితే ఇంకా పైకి. మెడ వాలి ఉంటే మరమ్మతు ఖర్చు ఇందులోంచి తీసేయాలి. ఇవి వాయించేవాడు చెల్లించే ధరలు. వ్యాపారి కొనేటప్పుడు ఇందులో సగం ఇస్తాడు. సరుకు ఎన్నాళ్లు కూర్చుంటుందో తెలియని బేరం అది, ఆ సగం తప్పు కాదు. ఆ లెక్కన 12 వేలు అన్నాయన మిమ్మల్ని మోసం చేయలేదు. పొరల చెక్క అయితే న్యాయమైన బేరమే. ఘన చెక్క అయితే చాలా తక్కువ. అది తేలకముందు అవుననీ కాదనీ అనకండి. ‘చూపించుకుంటున్నామండీ, తేలాక చెబుతాం’ అనండి. మంచి వ్యాపారి ఆ మాటకు కోపగించుకోడు.

విదేశానికి అమ్మే ఆలోచన ఉంటే చట్టం కూడా గుర్తుంచుకోవాలి. మెట్లున్న పలక బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే ఆ కలప 1992 నుంచి అంతర్జాతీయ నిషేధాల మొదటి పట్టికలో ఉంది, అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటదు. మిగతా రోజ్‌వుడ్ రకాలతో తయారైన వాయిద్యాలకు 2019 చివర సడలింపు ఇచ్చారు. ఎముక పట్టీ నిజంగా ఎముకేనా, ఏనుగు దంతమా అన్నది కూడా అడుగుతారు. మన 1972 నాటి పురావస్తు చట్టం వందేళ్లు దాటిన వస్తువులకు వర్తిస్తుంది. మీ గిటారు ఇంకా అంత ముసలిది కాదు. పంపే ఖర్చు, దారిలో విరిగే ప్రమాదం కలుపుకుంటే, ఈ ధరల వస్తువును మన దేశంలోనే వాయించేవాడికి ఇవ్వడం మేలని నా అభిప్రాయం. హైదరాబాదు, చెన్నై, బెంగళూరులలో పాత జాజ్ బాణీలు వాయించే కుర్రవాళ్లు ఇలాంటి గొంతు కోసం వెతుకుతున్నారు.

అమ్మినా అమ్మకపోయినా వచ్చే వర్షాకాలం దాటించాలి. మళ్లీ అటక ఎక్కించకండి. ఎండాకాలం పెంకుల కింది వేడికి అతుకులు విడిపోతాయి. బయటి గోడకు ఆనించవద్దు, చెమ్మ ఎక్కుతుంది. ప్లాస్టిక్ సంచిలో మూట కట్టవద్దు, లోపల తేమ బందీ అవుతుంది, సెల్యులాయిడ్ ఆవిరి కూడా. ఉతికిన పాత నూలు దుప్పటి చుట్టి, లోపలి గదిలో మంచం మీదో బల్ల మీదో వెల్లకిలా పడుకోబెట్టండి. మందుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు నాలుగు దగ్గర పెట్టండి. కలరా ఉండలు మాత్రం దగ్గరికి రానీయకండి, పాత ప్లాస్టిక్‌కూ పూతకూ అవి పడవు. దుమ్ము తుడవడానికి పొడి మెత్తని గుడ్డ చాలు. నూనె, నిమ్మకాయ, కొబ్బరి పీచు ఏవీ వద్దు.

మీ నుంచి నాకు మూడు ఫోటోలు కావాలి. ఎఫ్ రంధ్రం అంచు, వీలైనంత దగ్గరగా. అద్దంతో తీసిన లోపలి దిమ్మ. పక్క నుంచి గుర్రం, పన్నెండో మెట్టు కలిపి కనిపించేలా ఒకటి, పక్కన చిన్న స్కేలు పెట్టి. వీటితో పాటు పైపలక దిగువ భాగపు వెడల్పు అంగుళాల్లో రాయండి. 1961 ఫోటోను కూడా స్టూడియోలో పెద్దది చేయించి పంపితే, తాతగారి వేళ్ల పక్కన ఆ పలక మీద ఏ అక్షరాలున్నాయో చదివే ప్రయత్నం చేస్తాను.